ప్రింటర్ దొరవారు ఆఫ్‌లైన్‌లో ఉన్నారు

కుర్చీకి తువ్వాలు వేసి ఉంటుంది. బల్ల మీద కళ్లజోడు ఉంటుంది. నెత్తిన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. సారు మాత్రం సీట్లో ఉండరు. మన కచేరీల్లో తరాల తరబడి సాన పట్టిన ఈ విద్యను ఒక ప్లాస్టిక్ డబ్బాకు నేర్పిన ఘనత ప్రింటర్ కంపెనీలకే దక్కాలి. కరెంటు ఉంది, పచ్చలైటు వెలుగుతోంది, ట్రేలో కాగితాలున్నాయి. ఎవరూ అడక్కుండానే అర్ధరాత్రి లేచి లోపలేదో సర్దుకుంటున్నట్టు గరగరలాడుతుంది కూడా. కంప్యూటర్‌ను అడగండి, ఒకటే మాట: ప్రింటర్ ఆఫ్‌లైన్.

ఈ మాట ఊరికే రాదు, ముహూర్తం చూసుకుని వస్తుంది. నీట్ పరీక్షకు అడ్మిట్ కార్డు కాగితం మీదే ఉండాలి, దానికి ఫొటో అతికించాలి, సంతకాలు పెట్టాలి. ఫోన్లో చూపిస్తానంటే గేటు దాటనివ్వరు. పరీక్ష ఆదివారమైతే ప్రింటర్ శనివారం రాత్రి దాకా బుద్ధిగా కాచుకుని ఉండి, ఆ తర్వాతే సీట్లోంచి లేస్తుంది. మామూలు రోజుల్లో దానికి ఏ రోగమూ ఉండదు. టెస్ట్ పేజీ ఇమ్మనండి, రంగురంగుల విండోస్ బొమ్మతో సహా నిమిషంలో చేతిలో పెడుతుంది. మన డబ్బుతో కొన్న సిరాతో పరాయి కంపెనీ బొమ్మ అచ్చు వేయడానికి దానికే అభ్యంతరమూ లేదు. మన పిల్ల పేరున్న కాగితం దగ్గరే పట్టింపు.

ఇక ఇంట్లో పంచాయతీ మొదలు. "మొన్న బాగానే ఉందిగా, ఎవరు ముట్టుకున్నారు?" ముద్దాయిలు ముగ్గురు: గేమ్ ఎక్కించిన అబ్బాయి, మిక్సీ కోసం ప్లగ్గు పీకిన ఆవిడ, వైఫై పాస్‌వర్డు మార్చిన మరిది. ఒక్కరు కూడా ప్రింటర్‌ను అనుమానించరు. కంపెనీని అసలే అనుమానించరు. యంత్రం చెడితే వాడినవాడి తప్పేనని నమ్మించడంలో ఈ పరిశ్రమ సాధించిన విజయం ముందు లేజర్ కనిపెట్టడం ఏపాటి?

నిజానికి జరిగింది చాలా చిన్న సంగతి. ఇంట్లో వైఫై రూటర్ ప్రతి పరికరానికీ ఒక అంకెల చిరునామా ఇస్తుంది, అదీ గడువు పెట్టి. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. అన్నీ మళ్లీ లేచి రూటర్ దగ్గర చిరునామాలు తీసుకున్నాయి. నిన్నటిదాకా 192.168.1.5 దగ్గర ఉన్న ప్రింటర్‌కు ఇవాళ 192.168.1.9 వచ్చింది, పాత నంబరు టీవీకి పోయింది. కంప్యూటర్ మాత్రం అయిదో గుమ్మం ముందే నిలబడి తలుపు కొడుతోంది. అడ్మిట్ కార్డుతో టీవీకి పనేముంది, పలకదు. కంప్యూటర్ వెనక్కి వచ్చి "దొరగారు లేరండీ" అని విన్నవిస్తుంది. పక్క గుమ్మంలో ఓసారి అడిగి వద్దామన్న ఇంగితం దానికి లేదు. వేల కోట్లు పోసి కృత్రిమ మేధను తయారు చేశారే గానీ ఈపాటి సహజ మేధ ఎవరికీ తట్టలేదు.

రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఈ ప్రింటర్‌కు ఎప్పుడూ ఇదే చిరునామా అని ఖాయం చేసేస్తే సగం తగువు అక్కడే తీరుతుంది. చాలా రూటర్లలో దాన్ని అడ్రస్ రిజర్వేషన్ అంటారు. కంప్యూటర్‌లో కూడా ఆ చిరునామాకే ప్రింటర్‌ను కలుపుకుంటే రోజూ వెతుకులాట ఉండదు. ఈ ముక్క అట్టపెట్టె మీద ఎక్కడా రాయరు. అట్టపెట్టె మీద రాసేది వేరు: చిరునవ్వు నవ్వుతున్న నలుగురు సభ్యుల కుటుంబం బొమ్మ, దాని కింద "మూడే మూడు స్టెప్పులు" అని. ఆ బొమ్మ తీసేటప్పుడు ప్రింటర్‌కు ప్లగ్గు పెట్టి ఉండరని నా గట్టి నమ్మకం.

ఆ మూడింటిలో ఒక స్టెప్పు యాప్. ప్రింటర్ బల్ల మీద ఉంది, మీరు దాని ఎదురుగా కుర్చీలో ఉన్నారు, అయినా యాప్‌కు మీ లొకేషన్ కావాలి. ఆండ్రాయిడ్‌లో చుట్టుపక్కల వైఫైలు వెతకాలంటే ఆ అనుమతి అడగాల్సి వస్తుందని వాళ్ల సంజాయిషీ, అది కొంత నిజమే. మరి ఈమెయిల్ ఎందుకు? పుట్టిన తేదీ ఎందుకు? "మీరు ఇంటికి వాడతారా, వ్యాపారానికా" అన్న ప్రశ్న ఎందుకు? ఒక కాగితం అచ్చు వేయడానికి మనం ఇచ్చే వివరాలు సంబంధం కుదుర్చుకునేటప్పుడు వియ్యాలవారు కూడా అడగరు. అన్నీ చెప్పాక యాప్ ఎంతో వినయంగా "మీ నెట్‌వర్క్‌లో ప్రింటర్ ఏదీ కనపడలేదు" అంటుంది. ఎందుకు కనపడలేదంటే, ఫైబర్ కనెక్షన్ పెట్టిన కుర్రాడు స్పీడ్ టెస్ట్ చూపించి మురిపించడానికి మీ ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైలో పెట్టిపోయాడు. ఇళ్లకు కొనే ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వేరేది చెవికెక్కదు. ప్రింటర్‌ను కలిపేదాకా ఫోన్ కూడా 2.4లో ఉంటే గొడవ ఉండదు, తర్వాత ఎక్కడికి పోయినా ఫర్వాలేదు. ఇదీ పెట్టె మీద ఉండదు. ఉన్నా ఇరవై భాషల్లో, చీమ తల కన్నా చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ఇరవైలో తెలుగు ఉండదు.

హైటెక్ సిటీలో ఉద్యోగం, ఇంట్లో పని అనే బాపతు అయితే ఇంకో ముడి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేసి ఉంటుంది. అది వేసుకున్నాక ల్యాప్‌టాప్ ఒళ్లు మాత్రమే మన డైనింగ్ టేబుల్ మీద ఉంటుంది, ఉనికంతా ఆఫీసు నెట్‌వర్క్‌లోనే. చాలా ఆఫీసులు ఇంట్లోని మిగతా పరికరాల వైపు కన్నెత్తి చూడకుండా కట్టడి చేస్తాయి. అంచేత పక్కనున్న ప్రింటర్ దానికి కనపడదు. పక్కనున్న భార్యాపిల్లలు కూడా కనపడరుగానీ దానికి వీపీఎన్ కారణం కాదు.

ఇవేవీ తెలియని మనిషి ఏం చేస్తాడు? ట్రబుల్‌షూటర్ నొక్కుతాడు. ఇది విచారణ సంఘం. గీత ఒకటి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, మళ్లీ ఎడమ నుంచి నడుస్తుంది. సాక్షుల్ని పిలుస్తున్నారేమో అనుకుంటాం. చివరికి నివేదిక వస్తుంది: "సమస్య ఏదన్నదీ గుర్తించలేకపోయాం." మన కమిషన్లకు ఈ ఫలితం రాబట్టడానికి ఏళ్లు పడుతుంది, గడువు పొడిగింపులు కావాలి, రిటైరైన జడ్జిగారికి కారు కావాలి. ఇదంతా ఉచితంగా, నిమిషంలో చేసిపెట్టిన విండోస్‌కు మనం రుణపడి ఉన్నాం.

నివేదిక అందాక బాధితుడు పాత ప్రింటర్‌ను తీసేసి కొత్తగా చేరుస్తాడు. ఇప్పుడు జాబితాలో అసలు ప్రింటర్ ఒకటి, దాని పేరే పెట్టుకున్న "కాపీ 1" ఒకటి, ఈ ఇంటి గడప ఎన్నడూ తొక్కని ఫ్యాక్స్ ఒకటి, పీడీఎఫ్‌గా అచ్చువేసే మాయా ప్రింటర్ ఒకటి. వీటిలో పెద్ద ఎవరో విండోసే నిర్ణయిస్తుంది, ఆ అధికారం దానికి ఇచ్చినట్టు ఎక్కడో టిక్కు పెట్టి ఉంటుంది. అడ్మిట్ కార్డు నేరుగా మాయా ప్రింటర్‌కు వెళ్తుంది. అంటే పీడీఎఫ్‌ను అచ్చు వేయమంటే ఇంకో పీడీఎఫ్ చేతిలో పెడుతుంది. నకలు అడిగితే నకలుకు నకలు ఇచ్చే రికార్డు రూము గుర్తుకు రావడం లేదూ?

పోర్టు సెట్టింగుల లోతట్టున ఎస్ఎన్ఎంపీ అనే గడి ఒకటి ఉంది. దాంట్లో టిక్కు ఉంటే కంప్యూటర్ అప్పుడప్పుడు ప్రింటర్‌ను "ఉన్నావా" అని అడుగుతుంది. ప్రింటర్ ఆ భాషలో జవాబు చెప్పకపోతే, ఎదురుగా గరగరలాడుతున్నా సరే, లేదని రాసేస్తుంది. ఏటా నవంబరులో బతికే ఉన్నామని సర్టిఫికెట్ పట్టుకుని తిరిగే పింఛనుదారులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ టిక్కు తీసేస్తే చాలాసార్లు చచ్చిన ప్రింటర్ లేచి కూర్చుంటుంది. పింఛనుదారులకు అలాంటి గడి లేదు.

అన్నిటికన్నా గొప్పవాడు స్పూలర్. విండోస్‌లో ఇన్‌వార్డు గుమాస్తా ఇతనే. మనమిచ్చిన ప్రతి కాగితమూ ముందు ఇతని దగ్గరికి పోయి వరసలో పడాలి. పై కాగితం ఇరుక్కుంటే కిందివన్నీ ఆగాల్సిందే. ఇరుక్కున్నది కొట్టేయమంటే "డిలీటింగ్" అని రాసుకుని అలాగే కూర్చుంటాడు, సంక్రాంతికి మొదలుపెట్టి ఉగాదికి కూడా. సర్వీసుల జాబితాలోకి వెళ్లి స్పూలర్‌ను ఆపి, సిస్టమ్32 కింద స్పూల్, దానికింద ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లో పేరుకున్న ఫైళ్లను ఊడ్చేసి, మళ్లీ నడిపిస్తే గానీ దారి క్లియర్ కాదు. ఇంతటి బద్ధకస్తుడికి బొత్తిగా చేతకాదనుకునేరు. ఇరాన్‌లో నటాంజ్ అణుకేంద్రపు యంత్రాలను పాడుచేసిన స్టక్స్‌నెట్ అనే పురుగు 2010లో బయటపడ్డప్పుడు, అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకిన దారుల్లో ప్రింట్ స్పూలర్ లోపం కూడా ఒకటని తేలింది. బెడ్‌రూమ్ నుంచి హాల్లోకి ఒక కాగితం చేరవేయలేనివాడు, కట్టుదిట్టమైన కాపలా ఉన్న చోట మాత్రం అంత చురుగ్గా పనిచేశాడు. ప్రేరణ ఉండాలంతే.

2021 జూలైలో ఇదే స్పూలర్‌లో ఇంకో బొక్క బయటపడింది, ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు పెట్టారు. దూరాన ఉన్నవాడు మన కంప్యూటర్‌లో సర్వాధికారాలూ చేజిక్కించుకోవచ్చు. మరమ్మతు వచ్చేదాకా మైక్రోసాఫ్ట్ చెప్పిన ఉపాయాల్లో మొదటిది స్పూలర్‌నే ఆపేయడం. అంటే ప్రింట్లు తీయకపోతే ప్రమాదమే లేదు. మన ఇళ్లలోని ప్రింటర్లు ఈ భద్రతా సూత్రాన్ని కంపెనీ కన్నా ఎన్నో ఏళ్ల ముందు నుంచే పాటిస్తున్నాయి, వాటి దూరదృష్టిని మనమే గుర్తించలేదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేద్దామంటారా? నంబరు కోసం వెతికితే ముందుగా తగిలేవాటిలో దొంగ నంబర్లూ ఉంటాయి. కనిపెట్టడం తేలిక. తొలి రింగుకే ఫోనెత్తి, మర్యాదగా మాట్లాడి, మీ గోడు సాంతం విన్నారంటే వాళ్లు కంపెనీవాళ్లు కారు. మీ కంప్యూటర్ స్క్రీన్ వాళ్లకు కనపడే యాప్ ఎక్కించమంటారు, ఆ తర్వాత ప్రింటర్ బాగుపడదు గానీ బ్యాంకు ఖాతా తేలికపడుతుంది. అసలు కంపెనీవాళ్లు అలా కాదు. సంగీతం వినిపిస్తారు. తర్వాత "సర్, వైఫై ఆన్‌లో ఉందా" అని అడుగుతారు. తర్వాత మళ్లీ సంగీతం.

ఇంత రభస వింటే ఎవరికైనా అనిపిస్తుంది, పాపం ప్రింటర్‌కు నెట్‌వర్క్ అంటే చేతకాదు కాబోలని. అక్కడే పప్పులో కాలేస్తాం. మూరెడు దూరంలో ఉన్న ల్యాప్‌టాప్‌ను ఆనవాలు పట్టలేని ఈ యంత్రమే, సముద్రాల అవతల ఉన్న తన కంపెనీ సర్వర్‌ను చీకట్లో కూడా గుర్తుపడుతుంది. మనకు ఆఫ్‌లైన్, వాళ్లకు ఆన్‌లైన్. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు కొన్ని ఉన్నట్టుండి వేరే కంపెనీల కార్ట్రిడ్జ్‌లను చెల్లవనేశాయి. వాటిలోకి అప్పటికే చేరి ఉన్న ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసిన పని అది. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు "డైనమిక్ సెక్యూరిటీ". ఎవరి భద్రత అని అడక్కండి, సిరా అమ్మకాల భద్రత. జనం గోలపెట్టాక చెప్పింది చాలలేదని నొచ్చుకున్నారు గానీ పద్ధతి మానలేదు. 2020 డిసెంబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఇలాంటి వ్యవహారాలకే హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసింది. 2023 మే నెలలో ఇంకో అప్‌డేట్ వెళ్లి కొన్ని ఆఫీస్‌జెట్ ప్రో ప్రింటర్లను నీలిరంగు తెర దగ్గర కట్టిపడేసింది. అన్నిసార్లూ కనెక్షన్ బ్రహ్మాండంగా ఉంది. రూటర్ ఆపి ఆన్ చేయమని కంపెనీకి ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

లెక్క తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. చవక రకం ఇంక్‌జెట్‌కు రెండు మూడుసార్లు కార్ట్రిడ్జ్‌లు కొంటే ఆ డబ్బుతో ఇంకో ప్రింటర్ వచ్చేస్తుంది. వాళ్లు అమ్మేది సిరా. ప్రింటర్ దాన్ని పట్టుకురావడానికి మన ఇంట్లో పెట్టిన ఏజెంటు. ఏజెంటు పై ఆఫీసుతో మాట్లాడకపోతే కొంప మునుగుతుంది, మనతో మాట్లాడకపోతే ఎవరికి నష్టం? నల్లటి అక్షరాలు నాలుగు కావాలంటే పసుపు అయిపోయింది కనక ఇవ్వనని మొరాయించే ప్రింటర్లున్నాయి. పసుపు లేనిదే శుభకార్యం జరగదన్న సంప్రదాయాన్ని ఇంత నిష్ఠగా పాటించేవాళ్లు మనలోనే తగ్గిపోయారు.

కోర్టులకు వెళ్లలేదా అంటే వెళ్లారు. లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ కంపెనీ కేసులో 2017లో అమెరికా సుప్రీంకోర్టు, కార్ట్రిడ్జ్ అమ్మిన క్షణంలోనే దాని మీద కంపెనీ పేటెంటు హక్కు తీరిపోతుందని తేల్చింది. కొన్నవాడు నింపుకున్నా, ఇంకొకడికి అమ్ముకున్నా పేటెంటు పేరుతో అడ్డుపడటం కుదరదు. తీర్పు బాగుంది. కార్ట్రిడ్జ్‌కు అతికించిన చిప్పుకు మాత్రం తీర్పులు చదవడం రాదు.

మన దగ్గర సిరంజీతో కార్ట్రిడ్జ్‌లోకి సిరా ఎక్కించిన వైద్యులు కోకొల్లలు. ఆసియా దేశాల్లో జనం ప్రింటర్ పక్కన బయట సీసాలు కట్టి, గొట్టాలు తగిలించి నడిపేస్తుంటే, ఇక ఆపలేమని తెలిసి ఎప్సన్ 2010లో ఇండొనేషియాలో తనే ట్యాంకు ప్రింటర్ దింపింది. ఆ విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి. అయితే ట్యాంకు ప్రింటర్‌కూ ఒక కిటుకుంది. తల శుభ్రం చేసుకున్నప్పుడల్లా వృథా సిరా లోపలి మెత్తలోకి పోతుంది, ఎంత పోయిందో ఒక లెక్క రాసుకుంటుంది, లెక్క నిండిన రోజున మెత్త మార్చేదాకా కదలనని భీష్మించుకుంటుంది. అదీ ఆఫ్‌లైనే, పేరు వేరు.

ఈ యంత్రజాతి మొండితనం వల్ల లోకానికి ఒక్క మేలు మాత్రం జరిగింది, ఒప్పుకోవాలి. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందులో కాగితం ఇరుక్కుంటే ఎవరికీ తెలిసేది కాదు. అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ అంతకుముందున్న ప్రింటర్‌లో, ఇరుక్కుంటే అందరికీ కబురందేలా ప్రోగ్రామ్ రాసుకున్నాడు. కొత్తదానికీ అలాగే రాద్దామని దాని సోర్సు కోడ్ కోసం అది ఉన్న మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడాయన. ఆ చేదు పోలేదు. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమంతా ఆ ఇరుక్కున్న కాగితాలతోనే పుట్టిందనడం అతిశయోక్తి కావచ్చు, వాటికి అందులో వాటా ఉందని ఆయనే చెబుతూ వచ్చాడు. మనమూ కోప్పడతాం. మన కోపానికి ఉద్యమాలు పుట్టవు, ప్రింటర్ నెత్తిన రెండు దెబ్బలు పడతాయి, అంతే.

వైరు పెట్టుకుంటే పోలా అని పెద్దవాళ్లు అంటారు. పెద్దల మాట చద్దిమూట. యూఎస్‌బీ కేబుల్‌కు చిరునామా మారదు, పాస్‌వర్డు ఉండదు, వీపీఎన్ అడ్డురాదు. అందుకే కాబోలు చాలా ప్రింటర్ల పెట్టెలో అది ఉండదు. కేబుల్ పెట్టే తూము ఉన్నచోట దాన్ని కప్పుతూ స్టిక్కర్ వేస్తారు: సాఫ్ట్‌వేర్ చెప్పేదాకా వైరు గుచ్చకండి అని. సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ చెప్పదు, దానికి మీ ఈమెయిల్ కావాలి.

ఒక్క కంపెనీలనే తిట్టి వదిలేయడం న్యాయం కాదు, మనకింత ప్రింట్ల పిచ్చి ఎవరు అంటించారో కూడా చెప్పుకోవాలి. 2015లో డిజిలాకర్ వచ్చింది. అందులోని పత్రాలు అసలు పత్రాలతో సమానమని కేంద్రం నిబంధనలే పెట్టింది. ఆ పత్రాన్ని ఫోన్లో చూపించండి ఏ కౌంటర్లోనైనా. గుమాస్తా ముచ్చటగా చూసి, "బాగుంది సార్, దీన్ని రెండు సెట్లు జిరాక్స్ తీసి పట్రండి" అంటాడు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాక దాని ప్రింటు తీసి ఆఫీసులో ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి, ఆ రసీదును స్కాన్ చేసి మళ్లీ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. బడిలో ప్రాజెక్టు ఇస్తారు, "కాగితం పొదుపు చేద్దాం, చెట్లను కాపాడుదాం" అని. కలర్ ప్రింట్లు, మందపాటి ఏ4, ఒకవైపే.

కాబట్టి శనివారం రాత్రి తొమ్మిదింటికి, ఇంట్లో నాలుగు రంగుల వైర్‌లెస్ ప్రింటర్ ఉన్న మధ్యతరగతి తండ్రి బండి తీసి, కాలేజీ సందులోని జిరాక్స్ షాపుకు పోతాడు. బోర్డు మీద వాట్సాప్ నంబరు ఉంటుంది. "హాయ్ పెట్టి ఫైలు పంపండి సార్" అంటాడు కుర్రాడు. అడ్మిట్ కార్డు పంపుతాం, పనిలో పనిగా ఆధార్, పాన్, టెన్త్ మార్కుల మెమో కూడా పంపుతాం. అవన్నీ ఆ షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో, కాలనీ మొత్తం ఆధార్ల పక్కన భద్రంగా చేరతాయి. ఈ-ఆధార్ ఫైలుకు తాళం ఉందిగా అంటారేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. కుర్రాడు అడగను కూడా అడగడు, పేరు మిగతా పత్రాల మీదే ఉంది, వయసు మొహం చూసి రెండు మూడు అంచనాలు వేస్తే తెరుచుకుంటుంది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం ప్రతి కూడా ఇక్కడ దొరుకుతుంది, పేజీకి అయిదు రూపాయలు.

నొక్కీ నొక్కగానే కాగితం బయటికొస్తుంది. కార్డ్‌బోర్డు ముక్క ఎత్తు పెట్టిన, మూత విరిగిన, ఏ కాలం నాటిదో తెలియని ప్రింటర్. వెనకాల ఒక నల్లటి వైరు, అది తిన్నగా సీపీయూలోకి.

"తమ్ముడూ, దీనికి వైఫై లేదా?"

"ఉంది సార్. అప్‌డేట్లూ అదీ అన్నీ ఆపేశాను, షాపు నడవాలిగా. ఆధార్ సింగిల్ సైడా, బ్యాక్ టు బ్యాకా?"